ట్రాప్‌డోర్ 45-70: హ్యూస్టన్‌లో కుదిరిన గురి ఫీనిక్స్‌లో ఎందుకు చెదిరింది

స్ప్రింగ్‌ఫీల్డ్ 1884 ట్రాప్‌డోర్ రైఫిల్ (బ్యారెల్ వెనక చిన్న తలుపు పైకెత్తి ఒక్కో తూటా పెట్టే పాత అమెరికా సైన్యం తుపాకీ) చరిత్ర, కొలతలు, ఏ యుద్ధంలో ఎవరు వాడారు లాంటివి ఎక్కడ వెతికినా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. నేను రాస్తున్నది ముఖ్యంగా ఒక ప్లాస్టిక్ గొట్టం గురించి. చేపల తొట్టెకి గాలి పంపడానికి వాడతారే, దానికన్నా కాస్త లావుది. అది లేకపోతే ఈపాటికి ఈ తుపాకీని ఎవరికో అమ్మేసి ఉండేవాణ్ని.

హ్యూస్టన్‌లో ఉన్న రోజుల్లో ఎవరడిగినా దీన్ని తెగ పొగిడేవాణ్ని. 130 ఏళ్లు దాటిన మిలిటరీ రైఫిల్, వంద గజాల దగ్గర పది తూటాలు నాలుగంగుళాల్లో పెడుతోంది, మధ్యలో బ్యారెల్ తుడిచే పని కూడా లేదు అని. అందులో అబద్ధమేమీ లేదు, కాకపోతే ఆ గొప్పలో కొంత వాటా హ్యూస్టన్ గాలిది.

లోడ్ విషయంలో నా తెలివితేటలు పెద్దగా లేవు, పాత సైన్యం లెక్కకే దగ్గరగా వెళ్లాను: 70 గ్రెయిన్ల బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్లమందు), 500 గ్రెయిన్ల సీసం బుల్లెట్. 45-70 పేరులో 70 ఈ పౌడరే, 45 అంటే బుల్లెట్ లావు, అంగుళంలో వందో వంతుల్లో. మెత్తటి సీసపు గుండు ఒకటి బ్యారెల్లోంచి తోసి కొలిస్తే గాడుల దగ్గర (బుల్లెట్‌ని తిప్పడానికి బ్యారెల్ లోపల మెలికగా చెక్కిన గీతలు) 0.461 అంగుళం వచ్చింది. కొట్లో దొరికే బుల్లెట్లు చాలావరకు 0.458, పైగా గట్టి సీసం. అవి ఈ బ్యారెల్లో వదులుగా పోతాయి, గాడులు పట్టవు. అందుకే 20 పాళ్ల సీసానికి ఒక పాలు తగరం కలిపి నేనే పోసుకుంటాను, పెరట్లో, గాలి ఆడేచోట, వంటగిన్నెల దరిదాపుల్లోకి కూడా రాకుండా. అంత మెత్తగా ఉంటే పౌడర్ అంటుకోగానే పడే దెబ్బకి బుల్లెట్ వెనకభాగం కాస్త ఉబ్బి గాడులు నిండుతాయి. ఈ పాత తుపాకుల గురిలో సగం అక్కడే ఉంది. ఇప్పటి ఇత్తడి కేసుల (పౌడర్ పోసే తూటా డొల్లల) అడుగు మందం ఎక్కువ, అప్పటివాటికన్నా లోపల చోటు తక్కువ, కాబట్టి పౌడర్‌ని పొడవాటి రాగి గొట్టంలోంచి నెమ్మదిగా జారవిడిచి, పైన కొద్దిగా నొక్కితేనే 70 పడుతుంది. బుల్లెట్‌కీ పౌడర్‌కీ మధ్య ఖాళీ మాత్రం అస్సలు ఉండకూడదు. ఇంకోటి, కొత్త మార్లిన్, రూగర్ రైఫిళ్ల కోసం చేసిన గట్టి 45-70 తూటాలు ఇందులో పెట్టకండి. డబ్బా మీద పేరు ఒకటే అయినా ఆ ఒత్తిడి తట్టుకునే తలుపు కాదిది.

తర్వాత ఉద్యోగం ఫీనిక్స్‌కి మారింది. హ్యూస్టన్‌లో నింపుకున్న తూటాల పెట్టెలే పట్టుకుని, జూన్ నెలలో, అక్కడి బెన్ ఏవరీ షూటింగ్ రేంజ్‌కి వెళ్లాను. రైఫిల్ అదే, తూటాలు అవే, ఆనించుకునే ఇసుక సంచి కూడా అదే. మొదటి మూడూ ఎప్పట్లాగే పక్కపక్కన పడ్డాయి. నాలుగోది కొంచెం ఎడమకి జరిగితే గాలి అనుకున్నా. తర్వాతది కాగితం కింది అంచుకి పోయింది. ఆ తర్వాతది గుండ్రటి చిల్లు కాకుండా పొడుగాటి చీలిక చేసింది, అంటే బుల్లెట్ పల్టీ కొడుతూ వెళ్లి అడ్డంగా తగిలిందన్నమాట. సరే ఇంకోటి చూద్దామని పెడితే తూటా ముప్పాతిక వంతు వెళ్లి ఆగిపోయింది, బొటనవేలితో నెట్టినా కదల్లేదు, తలుపు మూతపడలేదు. అప్పటిదాకా చెమటలు ఎండకే అనుకున్నా, అక్కణ్నించి టెన్షన్ మొదలైంది. ఇంత డబ్బు పోసి కొన్న పాత బ్యారెల్‌కి ఏమైనా అయిందా అని.

తూటా బయటికి తీసి, పొడి గుడ్డముక్క పెట్టి రాడ్‌తో తోస్తే, బ్యారెల్ మూతి, అంటే ముందు చివర, ఇంకో జానెడు దూరం ఉందనగా బిగుసుకుపోయింది. గట్టిగా తోస్తే కరకరమని నల్లటి పెచ్చులు రాలాయి. మూతిని దగ్గరగా చూశాక అసలు సంగతి అర్థమైంది. హ్యూస్టన్‌లో నాలుగైదు తూటాలయ్యేసరికి బ్యారెల్ మూతి అంచు మీద, మూడు గాడులకి ఎదురుగా, మూడు జిడ్డు రేకులు తేలేవి. బుల్లెట్ చుట్టూ పూసిన మైనం-కొవ్వు చివరిదాకా సరిపోయిందనడానికి అది గుర్తు. ఇక్కడ మూతి ఎండిపోయి బూడిదరంగులో ఉంది, వేలితో రుద్దితే పొడి అంటింది తప్ప జిడ్డు లేదు.

బ్లాక్ పౌడర్ కాలితే బరువులో సగానికి పైగా పొగలోనూ బ్యారెల్లోనూ ఘనపదార్థంగానే మిగులుతుంది. అందులో ఉండే పొటాషియం కార్బొనేట్‌కి గాలిలోని తేమ లాక్కునే గుణం ఉంది. హ్యూస్టన్‌లో సముద్రం మీది గాలి ఆ పని నాకు ఫ్రీగా చేసిపెట్టింది, మసి మెత్తగా ఉండి తర్వాతి బుల్లెట్‌తోనే ఊడిపోయేది. ఫీనిక్స్‌లో జూన్ మధ్యాహ్నం తేమ పది శాతం కిందికి కూడా దిగుతుంది. మసి ఉన్నచోటే గట్టిపడి పెచ్చు కడుతుంది, మెత్తటి బుల్లెట్ దాని మీదుగా గీసుకుంటూ పోతే ఇక గురి ఎక్కడిది.

పక్క బెంచీలో ఒక పెద్దాయన, షార్ప్స్ రైఫిల్‌తో ఇనుప బొమ్మలు కొట్టే రకం, నా అవస్థ చూసి తన పెట్టెలోంచి ఒక గొట్టం తీసి ఇచ్చాడు. కాల్చేసిన 45-70 కేసు అడుగున రంధ్రం పెద్దది చేసి, అందులో రెండడుగుల ప్లాస్టిక్ గొట్టం దూర్చాడు, అంతే. తూటా పేలాక తలుపు తెరిచి, ఖాళీ కేసు బయటికి పడిందని కళ్లతో చూసుకుని, మూతి గురివైపే ఉంచి, ఆ ఇత్తడి కేసుని ఛాంబర్‌లో (తూటా కూర్చునే చోట) పెట్టి అటు చివర నుంచి ఊపిరి వదలాలి. బుగ్గలు పూరించి బలంగా ఊదితే లాభం లేదు, చలికాలంలో అద్దం మీద ఆవిరి పట్టించేటప్పుడు హా అంటామే, అలా, నిదానంగా, పొడవుగా. నాలుగైదు ఊపిర్లు.

ముందు బ్యారెల్ని తడిగుడ్డతో శుభ్రం చేసి, ఒక్కో తూటా తర్వాత అలా ఊదుతూ పోయాను. పది తూటాలు, నాలుగంగుళాలకి కాస్త ఎక్కువ. తూటా ఎక్కడా ఆగలేదు. ఆ మధ్యాహ్నం నాకు కలిగిన సంతోషం మామూలుది కాదు. గుడ్డతో తుడిచినా ఇదే ఫలితం వస్తుంది, ఇంకొంచెం మెరుగ్గా కూడా వస్తుందేమో, కానీ ప్రతి తూటాకీ రాడ్ తీసి, ఒక తడిగుడ్డ, ఒక పొడిగుడ్డ తోయడమంటే నాకు ఓపిక లేదు. పైగా ఒకసారి గుడ్డ ఎక్కువ తడిస్తే, ఒకసారి తక్కువ తడిస్తే ఆ తేడా కాగితం మీద కనబడుతుంది.

ఒంగోలు నుంచి వచ్చిన మా బావమరిది ఇది చూసి, "ఏంటి బావా, తుపాకీకి సన్నాయి నేర్పుతున్నావా?" అన్నాడు. తర్వాత ఇలాంటిది మన దగ్గర కొనుక్కోవచ్చా అని అడిగాడు. పేలే స్థితిలో ఉన్నదాన్ని కాల్చాలన్నా, వెంట తీసుకెళ్లాలన్నా ఎంత పాతదైనా అక్కడ లైసెన్స్ కావాలి. అమెరికా ఫెడరల్ చట్టంలో 1898, అంతకు ముందు తయారైనవి పురాతన వస్తువుల లెక్కలోకి వస్తాయి, అయినా రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి, చూసుకునే కొనాలి.

ఇప్పుడు గొట్టం గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. మరీ ఎండలు మండే రోజున ఊపిరి ఒక్కటే చాలదు. బ్యారెల్ వేడెక్కాక వదిలిన తేమ నిమిషంలో ఆవిరైపోతుంది, గొంతు ఎండిపోతుంది, ఐదారు తూటాలకి ఒకసారి తడిగుడ్డ తోయక తప్పదు. అలాగని అత్యాశకి పోయి మరీ ఎక్కువ ఊదితే ఛాంబర్‌లో నీటి చుక్కలు నిలుస్తాయి, అప్పుడు కేసు లోపల పెట్టేముందు ఛాంబర్ వరకు పొడిగా తుడుచుకోవాలి. జులై, ఆగస్టుల్లో ఇక్కడి వానల కాలం వచ్చి గాలిలో తడి పెరిగితే రెండు ఊపిర్లు చాలు. అంటే ప్రతిసారీ వెళ్లగానే మొదటి కొన్ని తూటాలు మూతి మీద జిడ్డు రేకులు చూసుకోవడానికే ఖర్చు. బుల్లెట్ మీద మైనం-కొవ్వు పాళ్లు కూడా మార్చాను, కొవ్వు కాస్త పెంచి మెత్తగా చేశాను. అది కొంత సాయపడింది, కానీ ఈ ఎండకి కారులో పెట్టిన పెట్టెలో కరిగి పౌడర్‌లోకి దిగుతుందేమోనని భయం, అందుకని ఐస్ పెట్టెలో పెట్టుకుని తీసుకెళ్తున్నా.

ఈ రైఫిల్ మీది బఫింగ్టన్ సైట్‌ని, అంటే గురి చూసే వెనక అమరికని, హ్యూస్టన్ రోజుల్లో ఆకాశానికెత్తాను. పక్కగాలికి మర తిప్పి సవరించుకోవడం ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. కానీ నాకిప్పుడు చత్వారం వచ్చింది, వెనక గాడి మసకగా కనిపిస్తోంది, పైగా నా రైఫిల్ అన్నింటికన్నా కిందికి దించినా వంద గజాల దగ్గర గురిపెట్టిన చోటుకి బాగా పైన కొడుతుంది, నల్లచుక్క కింద ఎక్కడో గురిపెట్టాలి. అది యుద్ధదూరాల కోసం చేసిన సైట్ మరి. 500 గ్రెయిన్ల బుల్లెట్ తన్నుడు కూడా బెంచీ మీద కూర్చుంటే బాగా తెలుస్తుంది, ఇరవై దాటాక భుజం గుర్తుచేస్తుంది.

పౌడర్ ఖర్చు వేరే బాధ. 2021లో బ్లాక్ పౌడర్ తయారుచేసే గోయెక్స్ మూతపడుతుందన్నప్పుడు అందరూ కంగారుపడి కొనేశారు. తర్వాత మోడల్ రాకెట్లు చేసే ఎస్టెస్ దాన్ని తీసుకుంది. నేను స్విస్ 1.5 అనే పౌడర్ మీదే ఉండిపోయాను, మసి కాస్త మెత్తగా వస్తుందని నా అనుభవం, ధర చూస్తే మాత్రం ఇంట్లో రసీదు దాచుకోవాల్సిందే.

ఇక కొనాలా వద్దా అంటే, నాకు సొంత ఇల్లు, పెరట్లో కొళాయి ఉన్నాయి. కాల్చి వచ్చిన రోజే నీళ్లతో బ్యారెల్ కడిగి, ఆరబెట్టి, నూనె రాసే తీరిక ఉంది. ఆ పని మర్నాటికి వాయిదా వేస్తే తుప్పు పడుతుంది, అపార్ట్‌మెంట్లో ఉంటే అదొక తలనొప్పి. బ్యారెల్ లోపల గుంటలు పడని రైఫిల్ దొరికితేనే ఈ గొట్టం, ఈ కొవ్వు పాళ్లు పనికొస్తాయి, నాది అదృష్టవశాత్తు లోపల ఇంకా మెరుస్తోంది. గుంటలు పడ్డవాటితో ఎలా ఉంటుందో నేను పూచీ పడలేను. హ్యూస్టన్, న్యూజెర్సీ లాంటి తేమ ఉన్న ఊళ్లలో ఉన్నవాళ్లు ముందు గొట్టం లేకుండానే ఒక పది కాల్చి, మూతి మీద జిడ్డు కనబడితే దాని జోలికి పోనక్కర్లేదు. ఇటు అరిజోనా, నెవాడా వైపు ఉన్నవాళ్లు మాత్రం రైఫిల్‌తో పాటే ఒక పాత కేసు, రెండడుగుల గొట్టం సిద్ధం చేసుకుని రేంజ్‌కి వెళ్లండి.