కొత్తపేట పిల్లల క్లినిక్: మలబద్ధకానికి చూపించాలంటే

గుంటూరు కొత్తపేటలో ఆస్పత్రులకు కొదవ లేదు గానీ, మలబద్ధకం అనగానే సిరప్ రాసి పంపేసే చోట్లూ ఉన్నాయి. ఈ చిన్న క్లినిక్‌లో మాత్రం ముందు బిడ్డను పడుకోబెట్టి చూస్తారు. మోకాళ్లు మడిపించి, పొట్ట ఎడమవైపు కింద నెమ్మదిగా నొక్కుతారు. పేరుకున్న మలం ఉంటే అక్కడే గడ్డలా తగులుతుంది, ఒక్కోసారి బొడ్డు పైదాకా. తర్వాత పక్కకు తిప్పి మలద్వారం చూస్తారు: ఉండాల్సిన చోట ఉందా, పగులుందా, చుట్టూ ఎర్రబడిందా అని. చెడ్డీకి మరకలున్నాయా అనీ అడుగుతారు. ఆ మరకలను విరేచనాలనుకుని, అవి ఆగే మందు వేసే తల్లిదండ్రులున్నారు. నిజానికి గట్టి మలం పక్కనుంచి పలుచనిది కారుతుంటుంది, ఆ మందుతో ఇంకా బిగుసుకుపోతుంది.

అన్నిటికన్నా నచ్చింది, నడుము కింద గుంట, వెంట్రుకల కుచ్చు, కాళ్ల రిఫ్లెక్సులు (తడితే కాలు దానంతటదే కదలడం) చూడటం. మలబద్ధకానికి కారణమయ్యే వెన్నుపాము లోపముంటే ఆచూకీ దొరికేది అక్కడే. మలద్వారంలో వేలుపెట్టి పరీక్ష అందరికీ చేయరు, అవసరమూ లేదు. ఊరికే ఎక్స్‌రే రాయరు.

లోటేమిటంటే, బరువు తూస్తారు గానీ ఎత్తు కొలవరు. మలబద్ధకంతో పాటు ఎదుగుదల మందగిస్తే థైరాయిడ్ లోపాన్ని అనుమానించాలి కదా! కొలవమని మీరే అడగండి. సాయంత్రాలు రద్దీ.