అసాసిన్ నత్తలు: చెన్నై నీళ్లలో రెండేళ్లు వాడాక

తీర్పు ముందే చెప్పేస్తాను. అక్వేరియంలో పిలవకుండా వచ్చిన నత్తల్ని తగ్గించడానికి, తోటి నత్తల్ని వేటాడి తినే అసాసిన్ నత్తలు బాగా పనికొస్తాయి. కాకపోతే వారంలో కాదు, నాలుగైదు నెలల్లో. అదీ మేత డబ్బా మీద మన చెయ్యి అదుపులో ఉంటేనే. పేరుకు హంతకి, పని మాత్రం నత్తనడకే.

వాడిన తొట్టి 3 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు. లెక్కకు 106 లీటర్లు. ఇసుక, చెక్క, పైన వదిలిన ఖాళీ పోను నీళ్లు 90 లీటర్ల దాకా ఉంటాయి. అడుగున రెండంగుళాల సన్న ఇసుక, మొక్కల్లో అనూబియాస్, జావా ఫెర్న్, వాలిస్నేరియా. చేపలు 12 టెట్రాలు, 6 కోరీలు. వేసిన అసాసిన్లు 8, అంటే పదకొండు లీటర్లకు ఒకటి చొప్పున. ఈ లెక్క తగ్గితే ఫలితం కనబడదు. ఇంత తొట్టిలో రెండు వేసి ఆరు నెలలు చూసి "ఇవి పనిచెయ్యవు" అనేవాళ్లు ఎక్కువ. రెండు నత్తలు తినే వేగం కంటే బ్లాడర్ నత్తలు గుడ్లు పెట్టే వేగమే ఎక్కువ మరి.

కొనే ముందు మీ తొట్టిలో ఉన్నదేమిటో తెలుసుకోండి, ఎందుకంటే ఫలితం దాన్ని బట్టే ఉంటుంది. చక్రంలా చదునుగా చుట్టుకున్నది రామ్స్‌హార్న్. పల్చటి గుల్లతో, అద్దం మీద చురుగ్గా జారేది బ్లాడర్ నత్త. దాని గుల్లను మొన పైకి, నోరు మనవైపు ఉండేలా పట్టుకుంటే నోరు ఎడమ పక్కకు తెరుచుకుంటుంది. ఈ ఎడమచేతి వాటమే గుర్తు. సన్నగా, పొడుగ్గా, మరమేకులా ఉండి పగలంతా ఇసుకలో దాక్కునేది ట్రంపెట్ నత్త. జనం మలేషియన్ అంటారు గానీ, మన కాలువల్లోనూ చెరువుల్లోనూ పుట్టి పెరిగేదే. మొదటి రెండూ జిగురు ముద్దల్లో గుడ్లు పెడతాయి. ట్రంపెట్ నేరుగా పిల్లల్నే కంటుంది, అదీ మగదాని అవసరం లేకుండా. ఒక్క పిల్ల ఇసుకలో మిగిలినా సంసారం మళ్లీ మొదలే.

రామ్స్‌హార్న్, బ్లాడర్ నత్తల మీద అసాసిన్ పనితనానికి పదికి తొమ్మిది మార్కులు వేస్తాను. ట్రంపెట్ మీద అయిదే. కారణం సులువు. ట్రంపెట్ నత్తకు గుల్ల నోటికి గట్టి మూత ఉంటుంది, ప్రమాదం అనిపిస్తే తలుపు వేసుకుంటుంది. పిల్లల్ని అసాసిన్ తినగలదు, పెద్దవాటిని తినడం కష్టం. అందుకే సంఖ్య పెరగకుండా ఆగుతుంది కానీ సున్నా కాదు. నా దృష్టిలో సున్నా కానక్కర్లేదు కూడా. కొద్ది ట్రంపెట్లు ఇసుకను తిరగేస్తూ ఉంటే అడుగున గాలి ఆడని నల్లమచ్చలు రావు. పైగా పట్టపగలు ట్రంపెట్లన్నీ అద్దం ఎక్కి పైకి వచ్చాయంటే నీళ్లలో ఆక్సిజన్ తగ్గిందనో అమ్మోనియా పెరిగిందనో అనుమానించాలి. ఏ పరీక్ష కిట్టూ అంత తొందరగా చెప్పదు.

వేట పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. అసాసిన్ ఇసుకలో కూరుకుపోయి, ఏనుగు తొండంలాంటి గొట్టం ఒక్కటే బయట పెట్టి వాసన పడుతుంది. ఎర దొరికాక పాకుతూ వెళ్లి, నోటిగొట్టాన్ని దాని గుల్లలోకి దూర్చి మాంసం తినేస్తుంది. చిన్న నత్త అయితే తొందరగానే అయిపోతుంది, పెద్ద రామ్స్‌హార్న్ అయితే రెండు మూడు అసాసిన్లు కలిసి పడతాయి. కడుపు నిండాక రెండు మూడు రోజులు ఇసుకలోంచి బయటికే రావు. కొత్తగా వేసిన రెండు వారాలు ఒక్కటీ కనబడలేదు, చచ్చాయేమో అనిపించింది. ఇసుక మీద ఖాళీ గుల్లలు కనబడటమే పని జరుగుతోందనడానికి ఆధారం. రెండో నెలలో గుల్లలు పెరిగాయి, అద్దం మీద చిన్న నత్తలు తగ్గాయి. నాలుగో నెల దాటాక రామ్స్‌హార్న్ కనబడటం మానేసింది. బ్లాడర్ నత్తలు ఇంకో నెల పట్టాయి.

అవెందుకు ఆలస్యమయ్యాయో తెలిస్తే మీకు ఆ నెల మిగులుతుంది. ఫిల్టర్. అసాసిన్ నేలమీద తిరిగే జీవి, వెనక తగిలించిన ఫిల్టర్ పెట్టెలోకి పెద్దగా పోదు. బ్లాడర్ పిల్లలు ఆవగింజంత ఉండి నీళ్లతోపాటు లోపలికి పోతాయి, స్పాంజిలో హాయిగా పెరుగుతాయి, అక్కణ్ణుంచి మళ్లీ తొట్టిలోకి దిగుతాయి. ఒక్కోసారి మోటారు రెక్కలో ఇరుక్కుని గరగర చప్పుడు, తర్వాత ఫిల్టర్ ఆగిపోవడం. నీళ్లు పీల్చే గొట్టానికి ముతక స్పాంజి తొడిగి, రెండు వారాలకోసారి లోపలి స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండి, రెక్క తీసి పాత టూత్‌బ్రష్‌తో తోమాక కథ మారింది. కుళాయి కింద స్పాంజి కడక్కండి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ వల్ల, మేలు చేసే బ్యాక్టీరియా చస్తుంది.

అసాసిన్ గుడ్ల జోలికి పోవడం నేను చూడలేదు. అద్దానికి అంటిన జిగురు ముద్దల్ని పాత ఏటీఎం కార్డుతో గీకి, సన్న గొట్టంతో అక్కడికక్కడే లాగెయ్యాలి. గీకి వదిలేస్తే అడుగున పడి అక్కడే పొదుగుతాయి. అనూబియాస్ ఆకుల అడుగుభాగం మర్చిపోవద్దు.

ఇక మేత. నత్తలు ఎక్కువయ్యాయంటే మేత ఎక్కువైందని అర్థం, లేదా కుళ్లిన ఆకులు తియ్యడం లేదని. రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో చేపలు ముగించేంతే వెయ్యండి. కోరీలకు వేసే బిళ్ల రాత్రి వేస్తే, మిగిలిన ముక్క పొద్దున తియ్యండి. శనివారం చేపలకూ ఉపవాసమే. ఒక్క రోజుకు చేపకు ఏమీ కాదు. అసాసిన్‌కూ మేత సంగతి వర్తిస్తుంది: తేరగా గుళికలు దొరికితే అదీ వేట మానేసి వాటి చుట్టూ చేరుతుంది.

తొట్టి అప్పటికే నత్తలతో నల్లబడి ఉంటే అసాసిన్లు వేసే ముందు ఉచ్చు పెట్టి సగం తీసెయ్యాలి. అర లీటరు నీళ్ల సీసాకు కాల్చిన మేకుతో పెన్సిల్ దూరేంత బొక్కలు ఎనిమిదో పదో పెట్టి, మునగడానికి ఒక గులకరాయి, రెండు నిమిషాలు ఉడికించిన కీరా దోసకాయ ముక్క లోపల వెయ్యండి. రాత్రి లైటు ఆర్పాక దించి, తెల్లారి లైటు వెయ్యకముందే తియ్యాలి. ఎండ ఎక్కేదాకా ఉంచితే తిన్న నత్తలు వెళ్లిపోతాయి, కీరా మెత్తబడి నీళ్లు మసకబారతాయి. వరసగా అయిదారు రాత్రులు చేస్తే తేడా కంటికి తెలుస్తుంది.

నీళ్ల విషయంలో చెన్నై వాళ్లకు ఒక రకంగా అదృష్టమే. పూండి మీదుగా కృష్ణా నీళ్లు కలిసే మెట్రో వాటర్ అయినా, దానికంటే గట్టిదైన బోరు నీళ్లు అయినా గుల్లకు కావలసిన సున్నం ఇస్తాయి. అచ్చంగా ఆర్‌ఓ నీళ్లు పోసేవాళ్ల తొట్టిలో గుల్ల మొన తెల్లబడి, గుంటలు పడి అరిగిపోతుంది. ఆర్‌ఓ తప్పనిసరి అయితే సగం బోరు నీళ్లు కలపండి. లారీ నీళ్లలో క్లోరిన్ ఒక్కో ట్రిప్పుకు ఒక్కోలా ఉంటుంది, క్లోరిన్‌ను విరిచే మందు, అంటే యాంటీ క్లోరిన్, వెయ్యకుండా పొయ్యొద్దు. మే నెలలో నీళ్లు 31, 32 డిగ్రీలకు పోతాయి, అప్పుడు అసాసిన్లు చురుకుతనం తగ్గించి ఇసుకలోనే ఉంటాయి. నీటి పైభాగం మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైపోయిన నీళ్ల బదులు మాత్రం ఆర్‌ఓ పొయ్యండి. బోరు నీళ్లే పోస్తూ పోతే ఉప్పులు పేరుకుపోతాయి.

కొనేటప్పుడు గుల్ల మీద పసుపు, ముదురు గోధుమ పట్టీలు చుట్టూ తిరిగి ఉన్నాయా, గుల్ల పొట్టిగా బొద్దుగా గాడులతో ఉందా చూడండి. ట్రంపెట్ పిల్లల్ని అసాసిన్ పిల్లలని అంటగట్టే కొట్లూ ఉన్నాయి. సంచి తెచ్చి నేరుగా కుమ్మరించకుండా, గాలి గొట్టానికి ముడి వేసి గంటసేపు చుక్కచుక్కగా తొట్టి నీళ్లు సంచిలోకి ఎక్కించండి. తర్వాత చచ్చిందో లేదో అనుమానం వస్తే బయటికి తీసి వాసన చూడండి, ఇంకో పరీక్ష అక్కర్లేదు.

నెరైట్, మిస్టరీ నత్తలు ఇష్టంగా పెంచేవాళ్లు అసాసిన్‌ను దగ్గరికి రానివ్వొద్దు. పది రూపాయల నత్త, వంద రూపాయల నత్త అనే తేడా దానికి లేదు. ఆరోగ్యంగా తిరిగే పెద్ద రొయ్యలు దానికి దొరకవు, జబ్బుపడినవి దొరుకుతాయి.

మిగతా దారుల సంగతి. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, నత్తల్ని చంపుతుంది, నిజమే. కానీ బోరు నీళ్లలో చాలా భాగం అడుక్కి దిగిపోతుంది, పనిచెయ్యట్లేదని ఇంకాస్త వేస్తారు. మెత్తని నీళ్లలో అదే మోతాదు చేపలకు విషం. అన్నిటికంటే పెద్ద ప్రమాదం తర్వాతది: ఇసుకలో వందల నత్తలు ఒకేసారి చచ్చి కుళ్లితే అమ్మోనియా ఎగబాకి చేపలు పోతాయి. రొయ్యలు ఎలాగూ మిగలవు. తెల్లమచ్చల జబ్బుకు మందు కొన్నా సీసా మీద కాపర్ అని ఉంటే అసాసిన్లున్న తొట్టిలో వాడొద్దు. పశువుల నులిపురుగుల మందు ఫెన్‌బెండజోల్ రామ్స్‌హార్న్ మీద పనిచేస్తుంది, ట్రంపెట్ తరచూ తట్టుకుంటుంది. యోయో లోచ్ అనే చేప నత్తల్ని బాగా తింటుంది, కానీ అయిదారంగుళాలు పెరుగుతుంది, గుంపుగా ఉంచాలి. మూడడుగుల తొట్టి చాలదు. పశ్చిమ కనుమల చిన్న చేప పీ పఫర్ ఇంకా మంచి వేటగాడు. దానికి విడి తొట్టి కావాలి, లేకపోతే పక్క చేపల రెక్కలు కొరుకుతుంది.

ఆరుబయట తొట్లలో పెరిగిన మొక్క చెన్నై అక్వేరియం చేపల బజారు కొళత్తూరులో కొన్నా ఇంకెక్కడ కొన్నా నత్త గుడ్డు లేకుండా రావడం అరుదు. నాలుగు లీటర్ల నీళ్లకు ఒక టేబుల్ స్పూను పటిక పొడి కలిపి మొక్కల్ని రెండు మూడు గంటలు ముంచండి. నత్తలు పోతాయి, గుడ్లు కొన్ని మిగలొచ్చు. అనూబియాస్ లాంటి మందపాటి ఆకులకైతే 1 వంతు బ్లీచ్ ద్రావణం, 19 వంతుల నీళ్లు కలిపి అందులో రెండు నిమిషాలు, మించకుండా. వెంటనే యాంటీ క్లోరిన్ రెట్టింపు కలిపిన నీళ్లలో జాడించాలి. వాలిస్నేరియా, నాచు బ్లీచ్‌కు ఆగవు. ఏది చేసినా మొక్కను మూడు వారాలు బకెట్లో విడిగా ఉంచి, పొదిగిన పిల్లల్ని ఏరాకే తొట్టిలో పెట్టండి. ల్యాబులో పెంచి కప్పుల్లో అమ్మే టిష్యూ కల్చర్ మొక్కలకు ఈ తంటా లేదు.

ఒక మాట అసాసిన్ల సంతానం గురించి. వీటికి ఆడా మగా వేరు, చూసి తేడా చెప్పలేం. ఎనిమిది వేస్తే జత దొరకడం ఖాయం. చెక్క మీద, అద్దం మీద చిన్న పారదర్శకమైన చదరపు సంచి, లోపల ఒకే గుడ్డు. పొదగడానికి నెల పైనే, పిల్లలు ఇసుకలోంచి కనబడటానికి ఇంకొన్ని నెలలు. రెండేళ్లలో ఎనిమిది ముప్పై దాకా అయ్యాయి. రామ్స్‌హార్న్ ఆర్నెల్లలో చేసే గందరగోళంతో పోలిస్తే ఇది లెక్కలోది కాదు. ఎర అయిపోయాక వారానికి రెండుసార్లు గడ్డకట్టించిన బ్లడ్‌వార్మ్, అంటే చేపల మేతగా అమ్మే ఎర్ర పురుగులు, వేస్తే బతుకుతాయి.

మిగిలినవాటిని చెరువులోనో కాలువలోనో వదలొద్దు. ఇది ఆగ్నేయాసియా జీవి, మన నత్తల మధ్య దానికి పని లేదు. ఉచ్చులో పడ్డ నత్తల్నీ సింకులో పొయ్యకుండా, సంచిలో కట్టి ఒక రోజు ఫ్రీజర్లో ఉంచి చెత్తలో వెయ్యండి. వంటింటి ఫ్రీజర్లో నత్తలా అని ఇంట్లో గొడవైతే, చితక్కొట్టి గోల్డ్‌ఫిష్‌కు వెయ్యొచ్చు. అసాసిన్లను ఇంకొకరికి ఇవ్వాలంటే నీళ్ల సంచి అక్కర్లేదు. మూత వేసుకునే నత్త కాబట్టి, తడి వార్తాపత్రికలో చుట్టి డబ్బాలో పెడితే ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు క్షేమంగా చేరుతుంది.