ఓపెన్‌రిఫైన్‌తో అయిదేళ్లు: తెవికీ గ్రామ వ్యాసాల నుంచి వికీడేటాకు

తెలుగు వికీపీడియాలోని గ్రామ వ్యాసాల్లో వాక్యాలుగా ఉన్న సమాచారాన్ని, కంప్యూటర్లు చదవగల సమాచార నిధి అయిన వికీడేటాలో చేర్చడానికి అయిదేళ్లుగా పట్టికలను శుభ్రం చేసే పరికరం ఓపెన్‌రిఫైన్‌ను వాడుతున్నాను. ఈ పనికి పూనుకోవాలనుకునే తెవికీ మిత్రులకు ఇది ఎక్కడ చేయూతనిస్తుందో, ఎక్కడ ఆగి చూసుకోవాలో నా అనుభవం నుంచి చెబుతాను.

ముందు ఆ వ్యాసాల తీరు. 2011 జనగణన ప్రకారం ఈ గ్రామం ఇన్ని ఇళ్లతో, ఇంత జనాభాతో, ఇన్ని హెక్టార్లలో విస్తరించి ఉంది అనే వాక్యం వేల వ్యాసాల్లో దాదాపు ఒకే పోతలో కనిపిస్తుంది. చాలా వాటిలో ఆ పేరాలోనే మగవారి సంఖ్య, ఆడవారి సంఖ్య, ఆరంకెల జనగణన కోడ్ కూడా ఉంటాయి. చదివేవారికి ఇది సరిపోతుంది గానీ, ఒక జిల్లాలో అయిదు వేలు దాటిన జనాభా ఉన్న ఊళ్లేవని అడిగితే ఆ వాక్యాల నుంచి జవాబు రాదు. వికీడేటాలో ప్రతి ఊరికీ క్యూ సంఖ్య ఉన్న ఒక అంశం, ప్రతి సంబంధానికీ పి సంఖ్య ఉన్న ఒక ప్రాపర్టీ ఉంటాయి కాబట్టి, జనాభాను పి1082 కింద, ఊరు ఏ పరిపాలనా విభాగంలో ఉందన్నది పి131 కింద నమోదు చేస్తే ఆ ప్రశ్నకు స్పార్క్‌ల్ అనే ప్రశ్నా భాషలో రాసిన క్వెరీతో జవాబు దొరుకుతుంది. వికీపీడియా నుంచి సమాచారాన్ని తీసే, 2007 నుంచి నడుస్తున్న డీబీపీడియా ఇలాంటి పనే చేస్తోంది. అయితే అది ప్రధానంగా వ్యాసం పక్కన ఉండే సమాచారపెట్టెల మీద ఆధారపడుతుంది, మన గ్రామాల అంకెలేమో ఎక్కువగా పేరాల్లోనే ఉన్నాయి.

ఓపెన్‌రిఫైన్ మొదట ఫ్రీబేస్ అనే సమాచార నిధి కోసం పుట్టింది. 2010లో గూగుల్ రిఫైన్ అయి, 2012లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సముదాయం చేతికి వచ్చి ఇప్పటి పేరు పెట్టుకుంది. వికీడేటాలోకి నేరుగా ఎక్కించే వీలు 2018లో వచ్చిన 3.0 వెర్షన్‌తో కలిగింది. బ్రౌజర్లో తెరుచుకున్నా పని అంతా మన కంప్యూటర్లోనే జరుగుతుంది. నాకు అన్నిటికంటే ఉపయోగపడింది దాని చర్యల చరిత్ర. ఒక జిల్లా వ్యాసాల నుంచి అంకెలను విడదీయడానికి చేసిన అడుగులన్నిటినీ కాపీ చేసుకుని, మరో జిల్లా పట్టికకు అలాగే వర్తింపజేయవచ్చు. మొదటి జిల్లాకు నాకు మూడు వారాలు పట్టింది, నాలుగో జిల్లా ఒక ఆదివారంలో పూర్తయింది.

తెలుగు అక్షరాల దగ్గర మాత్రం ఓపిక కావాలి. కంటికి ఒకేలా కనిపించే రెండు ‘వరంగల్’లలో ఒకదాని చివర కనిపించని జీరో విడ్త్ నాన్‌జాయినర్ అనే గుర్తు ఉంటే అవి రెండు వేరు పేర్లవుతాయి. పళ్ళు, పళ్లు వంటి వర్ణక్రమ భేదాలు, పురం, పురము వంటి అంత్యభేదాలు వీటికి తోడు. పట్టికలోని పేర్లను వికీడేటా అంశాలతో సరిపోల్చే ముందే వీటిని తుడిచి ఏకరూపంలోకి తేవాలి. సరిపోల్చే సేవ చిరునామాలో భాష కోడ్‌ను తెలుగుకు మార్చుకోవడం మరవకూడదు.

నా పెద్ద పొరపాటు జరిగింది కూడా ఈ ఏకరూపం చేసే ఉత్సాహంలోనే. దగ్గరి పోలిక ఉన్న పేర్లను గుంపు కట్టి చూపే సౌకర్యం వెంకటాపూర్‌ను, వెంకటాపురాన్ని ఒకే గుంపులో పెట్టింది. ఇవి ఒకే పేరుకు రెండు రూపాలనుకుని కలిపేశాను. నిజానికి ములుగు జిల్లాలో ఈ రెండూ వేరు వేరు మండలాలు: ఒకటి రామప్ప గుడి ఉన్నది, రెండోది 2016 దాకా ఖమ్మం జిల్లాలో ఉన్న గోదావరి తీర మండలం. నా పుణ్యమా అని గోదావరి ఒడ్డు ఊళ్లన్నీ రామప్ప పక్కకు చేరాయి. రెండు రోజుల తర్వాత మ్యాప్ మీద చూసినప్పుడు గానీ తెలియలేదు. ఎడిట్ గ్రూప్స్ అనే పరికరంతో ఆ విడత మార్పులన్నిటినీ ఒకేసారి రద్దు చేయగలిగాను గానీ, అప్పటి నుంచి పేరును నమ్మడం మానేశాను. ఇప్పుడు జనగణన కోడ్‌ను ప్రత్యేక నిలువు వరుసగా తీసి, వికీడేటాలోని జనగణన కోడ్ ప్రాపర్టీతోనే జత కలుపుతాను. రామాపురాలు, కొత్తపల్లులు ఎన్ని ఉన్నా కోడ్ ఒక్క ఊరిదే. కోడ్ లేని వరుసలను ఒక్కొక్కటిగా వ్యాసం తెరిచి చూస్తాను, ఎంత ఆలస్యమైనా సరే.

ఇంత శ్రమ ఎందుకని అడిగేవారికి పాలంపేటను చూపిస్తాను. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన రామప్ప గుడి ఉన్న ఈ ఊరు 2016 అక్టోబరు 11 దాకా వరంగల్ జిల్లాలో, ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో, 2019 ఫిబ్రవరి 17 నుంచి ములుగు జిల్లాలో ఉంది. వ్యాసాల్లో అయితే ఆ మండలంలోని ప్రతి ఊరి పేజీకీ వెళ్లి మొదటి వాక్యం మార్చాలి. వికీడేటాలో ఊరు మండలానికి, మండలం జిల్లాకు ముడిపడి ఉంటాయి కాబట్టి మండలం అంశం ఒక్కదానిలో మూడు జిల్లాలనూ మొదలైన తేదీ, ముగిసిన తేదీ అనే అదనపు వివరాలతో (క్వాలిఫయర్లతో) రాస్తే ఊళ్లన్నీ వాటంతటవే సర్దుకుంటాయి, పాత జిల్లా చరిత్ర కూడా చెరిగిపోదు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు ఈ పద్ధతి విలువ నాకు పూర్తిగా తెలిసివచ్చింది.

ఆధారాల విషయంలోనూ నా పద్ధతి మార్చుకున్నాను. మొదట్లో తెలుగు వికీపీడియా నుంచి దిగుమతి అని మాత్రమే రాసేవాణ్ణి, అది బలమైన ఆధారం కాదు. ఇప్పుడు వ్యాసంలోని అంకెను జనగణన పట్టికతో సరిచూసి, ఆధారంగా జనగణననే ఇస్తున్నాను. సరిచూస్తుంటే వ్యాసాల్లోని అంకెల తప్పులు కూడా బయటపడతాయి, వాటిని అక్కడికక్కడే దిద్దుతాను.

పెద్ద జిల్లా పట్టిక ఎక్కించే ముందు ప్రోగ్రాంకు కేటాయించిన మెమరీని సెట్టింగుల్లో పెంచుకోవాలి. ఎక్కించే ముందు సమస్యల ట్యాబులో వచ్చే ప్రతి హెచ్చరికనూ చదవాలి. కొత్తగా మొదలుపెట్టేవారు తమ సొంత మండలంతో, ఇరవై ముప్పై వరుసలతో ప్రారంభిస్తే మంచిది. ఏ ఊరు ఏ ఊరి పక్కన ఉందో తెలిసినవారికి నాలాగా వెంకటాపూర్ దగ్గర తడబాటు రాదు.