రిటార్డర్ బోల్టులకు వెడ్జ్ లాక్ వాషర్లు: ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ డబ్బు దండగ

హంప్ యార్డులో, అంటే వ్యాగన్లను మిట్ట మీంచి వదిలి వేర్వేరు పట్టాలకు పంపే రైల్వే యార్డులో, మిట్ట దిగి దొర్లుకుంటూ వచ్చే వ్యాగన్ చక్రాన్ని రిటార్డర్ బీములు రెండు పక్కలా నొక్కిపట్టి వేగం తగ్గిస్తాయి. ఆ బీముల్నీ, వాటి కింది పీఠాల్నీ పట్టి ఉంచే బోల్టులు వదులవడం ఈ యంత్రానికి పాత జబ్బు. దానికి మందుగా అమ్ముతున్నవి వెడ్జ్ లాక్ వాషర్లు. నార్డ్-లాక్ పేరు ఈ రంగంలో చాలామందికి తెలిసిందే, ఇదే పద్ధతిలో వేరే తయారీలూ దొరుకుతాయి. సరుకు మంచిదే, కొనవచ్చు. కానీ అది ఆపేది నట్టు వెనక్కి తిరగడాన్ని ఒక్కదాన్నే. నట్టు వెంట్రుకవాసి కూడా తిరక్కుండా బోల్టు పట్టు పోయే దారులు రిటార్డర్‌లో చాలా ఉన్నాయి. వాషర్ పెట్టేశాం కదా అని వాటిని వదిలేస్తే జబ్బు అక్కడే ఉంటుంది.

ముందు బోల్టు మీద పడే భారం చూద్దాం. 80 టన్నుల వ్యాగన్ సెకనుకు 5 మీటర్ల వేగంతో వచ్చి 2 మీటర్లకు తగ్గాలంటే 840 కిలోజౌళ్ల శక్తిని హరించాలి. అది 15 మీటర్ల దూరంలో జరగాలంటే సగటున 56 కిలోన్యూటన్ల బలం కావాలి. వాలు లెక్క కలిపితే ఇంకా ఎక్కువే. ఆ బలమంతా బీముల్ని, పీఠాల్ని వ్యాగన్ పోయే దిక్కుకే తోస్తుంది. నిలువుగా ఉన్న బోల్టుకు ఇది అడ్డపు తోపుడు. దీనికి తోడు బీము చక్రాన్ని రాసుకున్నప్పుడు పుట్టే కీచుమనే అదురు. బోల్టును నిలువునా లాగడం కంటే బిగించిన అతుకును అడ్డంగా అటూ ఇటూ జరపడమే నట్టును ఎక్కువగా విప్పుతుందని గెర్హార్డ్ యుంకర్ 1969లోనే చూపించాడు. లాకింగ్ వాషర్లను ఇప్పటికీ ఆయన పేరు మీదున్న అడ్డపు అదురు పరీక్షతోనే తూస్తారు. మామూలు స్ప్రింగ్ వాషర్ ఆ పరీక్షలో నిలవదు. ఎం24 (24 మిల్లీమీటర్ల) బోల్టును పూర్తిగా బిగించేసరికి అది ఎప్పుడో చదునై ఉంటుంది, ఇక స్ప్రింగుగా చేసే పనేమీ మిగలదు.

వెడ్జ్ వాషర్ జతగా వస్తుంది, రెండు రేకులు అంటించి ఉంటాయి. లోపలి ముఖాల మీద ఏటవాలు మెట్లు, బయటి ముఖాల మీద సన్నని పళ్లు. ఎం24 బోల్టు థ్రెడ్ వాలు సుమారు 2.5 డిగ్రీలు, లోపలి మెట్ల వాలు అంతకంటే ఎక్కువ. నట్టు వెనక్కి తిరగబోతే పళ్లు పట్టుకోవడం వల్ల పై రేకు కూడా దానితోపాటు తిరిగి, మెట్టు ఎక్కి, బోల్టును ఇంకాస్త సాగదీస్తుంది. అంటే విడిపోవాలన్నా ముందు బిగుసుకోవాలి. పానాతో విప్పేటప్పుడు చేతికి తెలిసే ఆ గట్టి ‘టక్’ ఇదే. విప్పాక కింది లోహం మీద పళ్ల అచ్చులు గీసినట్టు పదునుగా కనిపిస్తే వాషర్ పనిచేసినట్టు. అచ్చులు వంపు తిరిగి చెదిరి ఉంటే వాషర్ మొత్తం జారింది. కింద మెత్తటి సాదా వాషర్ వేసినా జారుడు రావచ్చు. పళ్లు దాన్ని గట్టిగానే పట్టుకుంటాయి, జారేది ఆ సాదా వాషరే.

ఇక వాషర్ ఆపలేనిది. 8.8 గ్రేడు ఎం24 బోల్టుకు ప్రూఫ్ లోడు, అంటే శాశ్వతంగా సాగిపోకుండా మోయగల లాగుడు, 212 కిలోన్యూటన్లు. అందులో 75 శాతం, అంటే 159 కిలోన్యూటన్లకు బిగించామనుకుందాం. బోల్టు పట్టే మందం 40 మిల్లీమీటర్లయితే అది సాగేది సుమారు 0.09 మిల్లీమీటర్లు. కింద రంగు పొర, తుప్పు, గరుకుతనం కలిసి 0.03 మిల్లీమీటర్లు కుంగితే పట్టులో మూడో వంతు పోయినట్టే. అదే బోల్టు తల కింద 80 మిల్లీమీటర్ల ఉక్కు గొట్టం పెట్టి పొడుగు బోల్టు వేస్తే సాగుడు 0.26 మిల్లీమీటర్లవుతుంది, అదే కుంగుడుకు పోయేది తొమ్మిదో వంతు. ఈ గొట్టం ముక్క ఖర్చు వాషర్ ఖర్చుతో పోలిస్తే పెద్దదేమీ కాదు, మేలు మాత్రం చాలా ఎక్కువ. బీము బోల్టులు మార్చేవాళ్లు ముందు దీన్ని తెప్పించుకోవాలని మా గట్టి సలహా. బోల్టు తల తన్నుకోకుండా చక్రానికి, బీము కదలికకు జాగా ఉందో లేదో కొలిచాకే గొట్టం పొడవు ఖాయం చేయండి.

చెక్క స్లీపర్లలో దిగే కోచ్ స్క్రూలకు వెడ్జ్ వాషర్ శుద్ధ దండగ. చెక్క ఎండి కుంచించుకుపోతుంది, పీఠం కింద నలిగిపోతుంది, స్క్రూ రంధ్రం వెడల్పవుతుంది. అక్కడ కావలసింది స్లీపర్ అడుగు దాకా దిగే బోల్టు, కింద వెడల్పాటి ప్లేటు. లీవర్ల ఇరుసు పిన్నులకూ ఇవి వద్దు. అవి తిరగాల్సిన కీళ్లు, వాటికి కాసిల్ నట్టు, స్ప్లిట్ పిన్నే సరైనవి. నైలాన్ నట్లను బ్రేకు బీముల దగ్గర వాడొద్దు, సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దాటాక నైలాన్ పట్టు నమ్మడానికి లేదు.

ఇంకో మాట. 26 మిల్లీమీటర్ల రంధ్రంలో ఎం24 బోల్టుకు 2 మిల్లీమీటర్ల ఆట ఉంటుంది. ముఖాలు శుభ్రంగా, పట్టు పూర్తిగా ఉంటే రాపిడే పీఠాన్ని ఆపుతుంది. నూనె, బ్రేకు పొడి చేరితే ఆపదు. అందుకే తోపుడును పీఠం వెనక వెల్డ్ చేసిన స్టాపర్ మీదికి పంపండి. బోల్టు బిగించి పట్టుకుంటే చాలు.

బిగించే ముందు లైను మూసి, గాలి ఒత్తిడి వదిలేసి, బీములు తెరిచిన స్థితిలో మెకానికల్ లాకు వేయాలి. వాషర్ కూర్చునే చోట రంగు మొత్తం గీకేసి లోహం కనబడనివ్వండి. జతలో మెట్లున్న ముఖాలు రెండూ ఎదురెదురుగా లోపలే ఉండాలి. రేకులు ఊడి విడిగా దొరికినప్పుడు తిప్పి పెట్టడం సాధారణంగా జరిగే తప్పు. ఒకవైపు నుంచి ఇంకోవైపు దాకా దూసుకుపోయే బోల్టుకు తల కింద ఒక జత, నట్టు కింద ఒక జత వేయాలి. 100 బోల్టులకు 200 జతలు, చేతిలో కొన్ని అదనంగా. థ్రెడ్‌కు గ్రీసు పూసి, మధ్య బోల్టు నుంచి చివరలకు పోతూ ముందు సగం టార్క్, తర్వాత పూర్తి టార్క్ ఇవ్వాలి. టార్క్ గుణకం (నట్ ఫ్యాక్టర్) 0.15 అనుకుంటే పైన చెప్పిన పట్టుకు సుమారు 570 న్యూటన్ మీటర్లు వస్తుంది. పొడిగా 0.2 అనుకుంటే దాదాపు 760. ఈ తేడా చూసైనా గ్రీసు విషయంలో ఊహించుకోకుండా వాషర్ తయారీదారు పట్టికే అనుసరించండి.

ఒక రోజు వ్యాగన్లు నడిచాక మళ్లీ టార్క్ రెంచి వేయండి. తొలి కుంగుడు అప్పుడే తెలుస్తుంది. ఆ తర్వాత నట్టు నుంచి పీఠం మీదికి ఒక రంగు గీత గీయండి. తనిఖీలో గీత చెదరకుండా ఉన్నా పట్టు ఉందని నమ్మొద్దు, ప్రతి పీఠం దగ్గర ఒకటి రెండు బోల్టులకైనా రెంచి వేసి చూడాలి.