ప్లాంటులో కొత్త ఫిట్టర్‌కి ఏది మేలు: షిఫ్టా, జనరలా?

మా మేనల్లుడికి ఐటీఐ ఫిట్టర్ ట్రేడ్ మీద ఒక పెద్ద థర్మల్ ప్లాంటులో మెయింటెనెన్స్ ఉద్యోగం వచ్చింది. మొన్న రాత్రి ఫోన్ చేసి, "మావయ్యా, షిఫ్ట్ గ్యాంగా, జనరలా అని అడుగుతున్నారు. ఏది రాయను?" అన్నాడు. ఇరవై రెండేళ్లుగా నాది ఇదే పని, రెండూ చేశాను. వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

షిఫ్ట్ అంటే సాధారణంగా పొద్దున ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది, రాత్రి పది నుంచి తెల్లారి ఆరు. ఏది ఆగినా ఫోన్ వచ్చేది మీకే. 500 మెగావాట్ల యూనిట్ ఫుల్ లోడ్ మీద ఉంటే గంటకు 300 టన్నులకు పైగా బొగ్గు కావాలి. బొగ్గు మోసుకొచ్చే బెల్టు ఆగిందంటే బంకర్లలో (బాయిలర్ దగ్గరి నిల్వ తొట్లలో) ఉన్న బొగ్గు అయిపోయేలోపు మళ్లీ తిరగాలి. మీరు స్పానర్ పట్టుకుని కూర్చుంటే వెనక నలుగురు నిలబడి "ఇంకెంతసేపు?" అంటారు. ఆ టెన్షన్‌లో చెవి, చెయ్యి పదునెక్కుతాయి. పంపు చప్పుడు మారగానే తేడా ఎక్కడుందో తట్టే గుణం షిఫ్ట్‌లోనే వస్తుంది. నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి, పగలు బ్యాంకు పనికీ పొలం పనికీ వీలుంటుంది. కానీ నైట్ నుంచి మార్నింగ్‌కి మారిన వారం నిద్ర పట్టదు. సంక్రాంతికి ఇంట్లో అందరూ ఉంటే మీరు కంట్రోల్ రూమ్ దగ్గర ఉంటారు.

జనరల్ అంటే రోజూ పగటి డ్యూటీ. అందులో పని ముందే రాసిపెట్టి ఉంటుంది. ఈ వారం ఫలానా పంపు, వచ్చే వారం ఫలానా గేర్‌బాక్స్. మెషీన్‌ను పూర్తిగా విప్పుతారు. కొత్తవాడికి అసలు చదువు అక్కడుంది. బేరింగ్ మీద 22220 అని ఉంటే చివరి రెండంకెలను అయిదుతో గుణిస్తే షాఫ్ట్ సైజు వస్తుంది, అంటే 100 మిల్లీమీటర్లు. దాన్ని సుత్తితో బాది ఎక్కించకూడదు, హీటర్ మీద 110 డిగ్రీల దాకా వేడి చేసి జార్చాలి. ఇవన్నీ క్లాసులో విన్నవే. కానీ వేడి బేరింగ్ షాఫ్ట్ భుజానికి (దాని లావు మారే మెట్టుకు) ఆనుకునే దాకా గ్లౌజులతో అదిమి పట్టుకున్నప్పుడు తెలిసేది వేరు. అలైన్‌మెంట్, అంటే మోటార్ షాఫ్టునూ పంపు షాఫ్టునూ ఒకే గీతలోకి తేవడం కూడా అంతే. మోటార్ కాలి కింద ఒక్క షిమ్ (ఎత్తు సరిచేయడానికి పెట్టే పల్చటి రేకు) వదులుగా ఉంటే బోల్టు బిగించగానే డయల్ గేజ్ ముల్లు కదులుతుంది. అది కదలడం మీ కళ్లతో చూడాలి. రాత్రి బ్రేక్‌డౌన్‌లో దీన్ని చూపించే తీరిక ఎవరికీ ఉండదు.

నేను జనరల్ వైపు మొగ్గడానికి ఇంకో కారణం ఉంది. ఒక ప్లాంటులో చేరిన రెండో నెలలో నన్ను నైట్‌కి వేశారు. ఒక బెల్టు కప్లింగ్ (మోటార్ తిప్పుడును అవతలికి అందించే జోడింపు) రబ్బర్లు పోయాయి. పని మొదలుపెట్టొచ్చని రాసిచ్చే పర్మిట్ చేతికొచ్చింది, కరెంటు సప్లై తీశామన్నారు. నేను కప్లింగ్ మీది గార్డు (రక్షణ మూత) విప్పబోతుంటే మా సీనియర్ ఫిట్టర్ చెయ్యి అడ్డం పెట్టి, "ముందు స్టార్ట్ కొట్టి చూడు" అన్నాడు. బటన్ నొక్కితే బెల్టు తిరిగింది! పక్క బెల్టుకి కరెంటు ఇచ్చే బ్రేకర్ తీసి, దీన్ని వదిలేశారు. ఆయన లేకపోతే నా చేతులు ఆ కప్లింగ్ మధ్యలో ఉండేవి. ఐసొలేషన్ (మెషీన్‌కి కరెంటు పూర్తిగా తీసేయడం) సరిగా లేదని అర్ధరాత్రి షిఫ్ట్ ఇన్‌ఛార్జి మొహం మీద చెప్పాలంటే ఏ బ్రేకర్ ఏ మోటార్‌దో తెలియాలి, అడిగే ధైర్యం ఉండాలి. రెండో నెలలో నాకు ఆ రెండూ లేవు. పగటి పూట పర్మిట్ రాసే మనిషి, బ్రేకర్ తీసే మనిషి, వాటి మీద తాళం, మనం... అందరం ఒకచోట ఉంటాం. పది పర్మిట్లు తిరిగేసరికి దారి తెలుస్తుంది.

ఓవర్‌హాల్ (యూనిట్ ఆపి మెషీన్లన్నీ విప్పి బాగుచేసే) పనుల కోసం ఊళ్లు తిరిగే కాంట్రాక్ట్ గ్యాంగుల సంగతి కూడా వాడు అడిగాడు. నెల రోజుల్లో చాలా మెషీన్లు చూడొచ్చు, నిజమే. కానీ మీరు బిగించినది ఏడాది తర్వాత ఎలా ఉందో చూడటానికి మీరక్కడ ఉండరు. ఉద్యోగం చేతిలో ఉన్నవాడికి అది వద్దు.

కాబట్టి నా మాట: మొదటి ఏడాది, వీలైతే ఒక ఓవర్‌హాల్ పూర్తయ్యే దాకా జనరల్. తర్వాత అడిగి మరీ షిఫ్ట్‌కి వెళ్లండి, రెండు మూడేళ్లు చేయండి. ఇంటికి ఒక్కడే సంపాదించేవాడై, అప్పులుంటే ముందే షిఫ్ట్ తీసుకోవచ్చు, అందులో తప్పులేదు. మరీ ఎక్కువసేపు ఉండాల్సి వస్తే మాత్రం ఆ గంటలు రాయించుకోండి. వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు వేతనం అన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ ఉన్న హక్కు.

వాడు జనరల్ అనే రాశాడు. సోమవారం జాయినింగ్. స్టోర్‌లో హెల్మెట్, బూట్లతో పాటు బ్రేకర్ మీద వేసుకోవడానికి సొంతంగా ఒక తాళం అడిగి తీసుకొమ్మన్నాను. పని చేసినంతసేపూ దాని తాళంచెవి వాడి జేబులోనే ఉండాలి, సూపర్‌వైజర్ అడిగినా సరే.