జర్మన్‌లో ‘మన్’ మేలా, ‘డూ’ మేలా, ‘యేమన్ట్’ మేలా?

జర్మనీ వచ్చిన కొత్తలో ఒక ఆదివారం వీధి చివర గాజు సీసాల కోసం పెట్టిన డబ్బాలో ఖాళీ సీసాలు వేస్తున్నాను. పక్కింటి పెద్దావిడ ఆగి, మెల్లగా ‘దస్ మఖ్ట్ మన్ నిష్ట్’ అన్నారు. ఆదివారం ఆ చప్పుడు చేయకూడదని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం బుర్రలో ‘మన్’ ఒక్కటే తిరిగింది. ‘మగవాడు’ అనే మాటను కూడా అచ్చం అలాగే పలుకుతారు, రాయడంలోనే చివర ఒక ‘ఎన్’ ఎక్కువ. మగవాళ్ళు ఈ పని చేయరనా?

కాదు. ఆవిడ అన్నది ‘అలా చేయకూడదు’ అని, అంతే. ‘దీన్ని ఏమంటారు?’ అని అడిగినప్పుడు అనేది ఎవరో మనం చెప్పం, కర్తను వదిలేస్తాం. జర్మన్‌లో మామూలుగా ఆ చోటు ఖాళీగా ఉంచరు, అక్కడ ‘మన్’ కూర్చుంటుంది. దాన్ని ‘ఒకరు’ అనో ‘మనం’ అనో అనుకుంటే తంటా.

అందరికీ వర్తించే మాటకు నా ఓటు ‘మన్’కే. ‘వీ జాక్ట్ మన్ దస్ ఔఫ్ డోయ్చ్?’, అంటే దీన్ని జర్మన్‌లో ఎలా చెప్తారు, అని ఎవరినైనా టెన్షన్ లేకుండా అడగొచ్చు. స్నేహితుల కబుర్లలో ‘డూ’ (నువ్వు) కూడా వాడతారు, ‘నువ్వెంత చెప్పు, వాడు వినడు’ అని మనం అన్నట్టు. వినడానికి బాగుంటుంది. కానీ ‘జీ’ (మీరు) అని మర్యాదగా పిలవాల్సిన పెద్దవాళ్ళ దగ్గర, కొత్తగా నేర్చుకునే మన నోట అది వస్తే ‘నువ్వు’ అన్నట్టే తగలొచ్చు. భాష బాగా పట్టుబడేదాకా వద్దంటాను.

‘యేమన్ట్’ దారి వేరు. ‘ఎవరో ఫోన్ చేశారు’ అన్నప్పుడు ఆ ఎవరో ఒక్క మనిషి, అక్కడ అదే సరి.

బోర్డుల మీద ‘హియర్ విర్ట్ నిష్ట్ గెరౌఖ్ట్’ అని, అంటే ఇక్కడ పొగ తాగరాదని, కర్మణి వాక్యం కనిపిస్తుంది. నోటితో చెప్పేటప్పుడు ‘హియర్ దార్ఫ్ మన్ నిష్ట్ రౌఖెన్’ తేలిక.

నేను ఎక్కువగా తప్పులు చేసింది ‘మన్’ తర్వాతే. మన ‘అంటారు’ బహువచనం, ‘మన్’కి క్రియ ఏకవచనం. ఒకసారి ‘మన్’ అన్నాక తర్వాత కూడా ‘మన్’ అనే అనాలి. ‘ఎయర్’ (అతను) అంటే ఇంకెవరి గురించో అవుతుంది. తెలుగులో ‘ని’ వచ్చే చోట ‘మన్’ కాస్తా ‘ఐనెన్’ అవుతుంది, ‘కి’ వచ్చే చోట ‘ఐనెమ్’.

ఈ మాట మూలం ‘మగవాడి’తో ముడిపడిందని, దాని బదులు ‘ఫ్రౌ’ (స్త్రీ) అని రాసే స్త్రీవాదులు 1970ల నుంచీ ఉన్నారు. వాళ్ళ అభ్యంతరంలో న్యాయం ఉందనే నా నమ్మకం. పరీక్ష రాసేవాళ్ళు మాత్రం ‘మన్’ అనే రాయండి.