కూటమిలో చేరడమా, ఎవరితోనూ కలవకపోవడమా, అందరితో ఉండడమా: భారత్‌కు ఏది మేలు?

రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో అమెరికా అదనపు సుంకం వేయడంతో, మన వస్తువుల మీద సుంకం 2025 ఆగస్టు 27న 50 శాతానికి చేరినప్పటి నుంచి ఒకే ప్రశ్న రెండు వైపుల నుంచి పదే పదే వస్తోంది. "ఇంకా రష్యాను పట్టుకుని వేలాడటం దేనికి? అమెరికా కూటమిలో చేరిపోతే ఈ టెన్షన్ ఉండదు కదా?" అని కొందరు అడుగుతున్నారు. "అమెరికాను నమ్ముకుంటే ఇంతే. నెహ్రూ కాలంలోలా ఎవరి పక్షానా చేరకుండా దూరంగా ఉండటమే మంచిది కాదా?" అని మరికొందరు. ఒక్కొక్కరికి విడిగా చెప్పడం కన్నా అంతా ఒకచోట రాయడం నయం అనిపించింది.

పోల్చే ముందు నా కొలబద్ద ఏమిటో చెబుతాను. విలువలు, స్నేహం, నాయకుల ఆలింగనాలు, సంయుక్త ప్రకటనలు, వీటన్నిటికీ ఎంతో కొంత విలువ ఉంది. కానీ దేశ భద్రత దగ్గరికి వచ్చేసరికి నేను అడిగే ప్రశ్న ఒక్కటే. యుద్ధం మొదలైన మూడో వారంలో మన దగ్గర అయిపోయిన క్షిపణి, అరిగిపోయిన ఇంజిన్ విడిభాగం ఎక్కడి నుంచి రావాలి? దాన్ని ఆపగలిగే శక్తి ఎవరి చేతిలో ఉంది? మూడు దారులనూ నేను ఈ ప్రశ్నతోనే చూస్తాను.

ముందు కూటమి. లిఖిత ఒప్పందంతో కూడిన రక్షణకు నిజమైన బలం ఉంది, దాన్ని తక్కువ చేయను. నాటో ఒప్పందంలోని 5వ అధికరణం ప్రకారం ఒక సభ్యదేశంపై దాడి అందరిపై దాడే. దశాబ్దాల తటస్థతను వదులుకుని ఫిన్లాండ్ 2023 ఏప్రిల్‌లో, స్వీడన్ 2024 మార్చిలో నాటోలో చేరాయంటే దానికి కారణం ఉంది. రష్యాతో 1,300 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉండి, సొంత అణ్వాయుధాలు లేని చిన్న దేశానికి అంతకన్నా మంచి బీమా దొరకదు. ఫిన్లాండ్ చేసింది సరైన పనే అంటాను.

అయితే కూటమి కాగితం మీద ఒకలా, అవసరం పడ్డప్పుడు ఇంకోలా ఉండొచ్చని మన పొరుగు దేశమే చూపించింది. పాకిస్తాన్ 1954లో అమెరికా నడిపిన ఆగ్నేయాసియా రక్షణ కూటమి సీటోలో, ఆ మరుసటి ఏడాది పశ్చిమాసియా రక్షణ కూటమి అయిన బాగ్దాద్ ఒప్పందంలో చేరింది. సీటోలో చేరినప్పుడే అమెరికా ఒక షరతు రాసుకుంది. తన బాధ్యత కమ్యూనిస్టు దాడుల వరకేనని. 1965లో భారత్‌తో యుద్ధం వచ్చింది. అమెరికా రెండు దేశాలకూ ఆయుధాల సరఫరా ఆపేసింది. వినడానికి సమన్యాయంలా ఉంటుంది గానీ, దెబ్బ ఎక్కువగా తగిలింది పాకిస్తాన్‌కే. వాళ్ల ట్యాంకులు, విమానాలు చాలావరకు అమెరికావి మరి. మనకు అప్పటికే వేరే చోట్ల నుంచీ వస్తున్నాయి. కూటమిలో ఉన్న దేశమే ఎక్కువ ఇరుక్కుంది. మొన్నమొన్నటి ఆర్మేనియా సంగతీ అంతే. రష్యా నాయకత్వంలోని రక్షణ కూటమి సీఎస్‌టీఓలో సభ్యురాలై ఉండి, 2022 సెప్టెంబరులో అజర్‌బైజాన్ దాడి చేసినప్పుడు సాయం అడిగితే, సైన్యం బదులు పరిశీలన బృందం వచ్చింది. 2024లో ఆ దేశం తన భాగస్వామ్యాన్ని నిలిపేసింది.

మన విషయానికి వస్తే, మన ప్రధాన సమస్య హిమాలయాల్లో చైనాతో ఉన్న భూ సరిహద్దు. అమెరికా బలమంతా సముద్రం మీద, ఆకాశంలో ఉంది. లద్దాఖ్ కొండల మీదికి అమెరికా సైనికుడు వచ్చి కాపలా కాస్తాడని ఏ ఒప్పందం రాసినా నేను నమ్మను. పైగా మనవి మనకు అణ్వాయుధాలు ఉన్నాయి. ఇతరుల అణు గొడుగు కిందికి వెళ్లాల్సిన అవసరం లేదు. వెళితే దానికి బదులుగా తైవాన్ దగ్గరో, పశ్చిమాసియాలోనో వాళ్ల యుద్ధానికి మనం సిద్ధంగా ఉండాలి. ఇచ్చేది ఎక్కువ, పుచ్చుకునేది తక్కువ.

ఇక ఎవరి పక్షానా చేరని నెహ్రూ నాటి అలీన విధానం. దీన్ని వెక్కిరించడం ఇప్పుడు ఫ్యాషన్ అయిపోయింది. అది అన్యాయం. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన, డబ్బు లేని దేశానికి ఆనాడు అది గొప్ప పలుకుబడి తెచ్చింది. కొరియా యుద్ధం తర్వాత 1953లో యుద్ధఖైదీల అప్పగింత కమిషన్‌కు అధ్యక్షత మనకు ఇచ్చారు. జనరల్ తిమ్మయ్య నాయకత్వంలో మన సైనికులు ఆ పని చేశారు. ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో ఇప్పటిదాకా రెండున్నర లక్షల మందికి పైగా భారతీయులు పనిచేశారంటే ఆ సంప్రదాయం అప్పటిదే. 2007లో లైబీరియాకు వెళ్లిన మొట్టమొదటి పూర్తి మహిళా పోలీసు దళం మనదే. అంతర్జాతీయ సహకారం అన్నప్పుడు ప్రకటనల కన్నా ఇలాంటి పని నాకు ఎక్కువ గర్వంగా ఉంటుంది.

కానీ నా ప్రశ్న దగ్గర అలీనం రెండుసార్లు నిలబడలేకపోయింది. 1962 నవంబరు 19న, చైనా సైన్యం ఈశాన్యంలో దిగివస్తుంటే, యుద్ధ విమానాలు పంపమని నెహ్రూ కెన్నెడీకి లేఖలు రాయాల్సి వచ్చింది. ఎవరి పక్షానా లేని దేశం, ఇల్లు అంటుకున్నాక ఒక పక్షాన్ని సాయం అడిగింది. 1971లో ఇందిర ఆ పరిస్థితి రాకముందే జాగ్రత్తపడ్డారు. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో 20 ఏళ్ల ఒప్పందం కుదిరింది. అది నాటో తరహా కూటమి కాదు. దాడి ముప్పు వస్తే వెంటనే సంప్రదించుకోవాలన్నది అందులోని 9వ అధికరణం. అయినా డిసెంబరులో అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతం వైపు బయల్దేరినప్పుడు, భద్రతా మండలిలో సోవియట్ వీటోలు మనకు ఢాకా దాకా వెళ్లడానికి కావలసిన రోజులు ఇచ్చాయి. దాని ఖరీదు తర్వాత తెలిసింది. 1980 జనవరిలో అఫ్గానిస్తాన్‌లో సోవియట్ సైన్యం ప్రవేశంపై ఐరాస సర్వప్రతినిధి సభలో తీర్మానం వస్తే మనం ఓటు వేయకుండా ఊరుకున్నాం. మన ఆయుధాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో అందరికీ తెలుసు.

మూడో దారి ఇప్పుడు నడుస్తున్నది. ఎవరితోనూ రక్షణ ఒప్పందపు ముడి లేకుండా, అవసరాన్ని బట్టి అందరితోనూ పనిచేయడం. ఇది ఎలా ఉంటుందో చూడాలంటే ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, విశాఖ చాలు. రష్యా నుంచి లీజుకు తెచ్చిన అణు జలాంతర్గామి ఐఎన్ఎస్ చక్ర 2012 నుంచి 2021 దాకా విశాఖ కేంద్రంగానే పనిచేసింది. ఆ మధ్యలోనే, 2019 నవంబరులో, విశాఖ నుంచి కాకినాడ దాకా అమెరికా సైన్యంతో 'టైగర్ ట్రయంఫ్' విన్యాసాలు జరిగాయి. 2020 నవంబరులో అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా నౌకలు మనతో కలిసి మలబార్ నౌకా విన్యాసాలకు వచ్చిందీ విశాఖ తీరానికే. ఈ నాలుగు దేశాల బృందమే క్వాడ్. ఒక రేవులో రష్యా జలాంతర్గామి, ఆ రేవు ముందే క్వాడ్ నౌకలు. ఏ కూటమి సభ్యదేశానికీ ఈ వెసులుబాటు ఉండదు.

ఇంకా దగ్గరగా చూడాలంటే ఐఎన్ఎస్ తుశిల్ ఉంది. ఈ యుద్ధనౌకను రష్యాలోని కలినిన్‌గ్రాడ్‌లో కట్టారు. 2024 డిసెంబరు 9న మన నౌకాదళంలో చేరింది. దాన్ని నడిపే గ్యాస్ టర్బైన్లు మాత్రం ఉక్రెయిన్‌వి. 2014లో క్రైమియా గొడవ తర్వాత ఉక్రెయిన్ ఆ ఇంజిన్లను రష్యాకు అమ్మడం ఆపేసింది. అప్పుడు భారత్ తానే వాటిని ఉక్రెయిన్ దగ్గర కొని రష్యా షిప్‌యార్డుకు అందించింది. ఒకరితో ఒకరు యుద్ధం చేసుకుంటున్న రెండు దేశాల పని ఒకే ఓడలో ఉంది. ఆ రెండింటిలో ఒకరి పక్షం తీసుకుని ఉంటే ఆ ఓడ సముద్రంలోకి వచ్చేది కాదు.

అలాగని ఈ దారికి ఖర్చు లేదని చెప్పను. రెండు పడవల మీద కాళ్లు పెట్టారనే మాట పడాల్సిందే. 2022 మార్చి 2న ఉక్రెయిన్‌పై దాడిని ఖండిస్తూ 141 దేశాలు ఓటు వేస్తే, మనం తటస్థంగా ఉన్న 35 దేశాల్లో ఒకరం. చమురు కొనడం నాకు తప్పనిపించదు. మన జనానికి అది అవసరం. కానీ ఒక దేశం సరిహద్దును బలంతో చెరిపేస్తుంటే ఆ మాట ఆనాడే ఇంకా గట్టిగా అనాల్సింది. రేపు అరుణాచల్ విషయంలో ప్రపంచం మన పక్కన నిలబడాలని కోరుకునేది మనమే కాబట్టి. ఉక్రెయిన్ పట్టణం బుచాలో పౌరుల హత్యలను మనం ఖండించి స్వతంత్ర విచారణ కోరాం. సమర్‌కండ్‌లో 2022 సెప్టెంబరులో ఇది యుద్ధాల కాలం కాదని మోదీ పుతిన్‌తో నేరుగా అన్నారు. మంచి మాటలే, కాస్త ఆలస్యంగా వచ్చాయి. ఇక సుంకాల భారం పడింది విదేశాంగ శాఖ మీద కాదు, భీమవరం రొయ్యల రైతు మీద. అప్పటికి మన రొయ్యలకు అతి పెద్ద మార్కెట్ అమెరికానే. స్వతంత్ర విధానం కోసం నష్టం భరించాల్సి వస్తే, దాన్ని ఆ రైతు ఒక్కడే మోయకుండా చూసే బాధ్యత దేశానిది.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. బ్రిక్స్, షాంఘై సహకార సంస్థలు భద్రతకు ప్రత్యామ్నాయం కావు. రెండింటిలోనూ చైనా ఉంది. మాట్లాడుకునే గది మాత్రం దొరుకుతుంది. లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనాతో ఘర్షణలో 20 మంది మన సైనికులు అమరులైన మూడు నెలలకు, 2020 సెప్టెంబరులో, రెండు దేశాల విదేశాంగ మంత్రులు మాస్కోలో కలిసింది షాంఘై సంస్థ సమావేశం పక్కనే. స్విట్జర్లాండ్ తరహా పూర్తి తటస్థత మన భౌగోళిక పరిస్థితికి పనికిరాదు.

కాబట్టి నా మొగ్గు మూడో దారి వైపే. అయితే దానికి ఒక షరతు ఉంది, నేను చెప్పాలనుకున్న అసలు సంగతీ అదే. అందరితో ఉండటం వల్ల స్వేచ్ఛ దానంతట అది రాదు. ఇంజిన్ ఎవరిదో, పగ్గం వాళ్ల చేతిలోనే ఉంటుంది.

ఇందులో అమెరికా, రష్యా అనే తేడా లేదు. 1991లో క్రయోజెనిక్ ఇంజిన్ల (అతిశీతల ఇంధనంతో నడిచే రాకెట్ ఇంజిన్ల) సాంకేతికత ఇస్తామని సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్ ఒప్పుకుంది. అమెరికా ఆంక్షలు పెట్టింది. 1993లో రష్యా వెనక్కి తగ్గి, సాంకేతికత బదులు ఏడు ఇంజిన్లు ఇచ్చి సరిపెట్టింది. సొంత క్రయోజెనిక్ ఇంజిన్‌తో జీఎస్ఎల్వీ రాకెట్ శ్రీహరికోట నుంచి విజయవంతంగా ఎగిరింది 2014 జనవరి 5న. 20 ఏళ్లు పట్టింది. 1998 అణు పరీక్షల తర్వాత, మన తేజస్ యుద్ధ విమానపు ఫ్లైట్ కంట్రోల్ వ్యవస్థపై అమెరికాలో పనిచేస్తున్న మన ఇంజినీర్లను వెనక్కి పంపేశారు. మనవాళ్లు ఆ పని బెంగళూరులో పూర్తి చేసి 2001 జనవరిలో తేజస్‌ను ఎగరేశారు. కానీ అందులోని ఇంజిన్ అప్పుడూ అమెరికాదే, ఇప్పుడూ అమెరికాదే. 2021లో 99 ఇంజిన్లకు జనరల్ ఎలక్ట్రిక్‌తో ఒప్పందం జరిగితే, మొదటిది చేతికి వచ్చింది 2025 మార్చిలో. అక్కడ సరఫరా ఇబ్బందులే కారణం కావచ్చు. ఇక్కడ మాత్రం అదే ఏడాది సెప్టెంబరులో పాత మిగ్-21 యుద్ధ విమానాలు రిటైరయ్యాక వైమానిక దళం 29 స్క్వాడ్రన్లకు (యుద్ధ విమాన దళాలకు) తగ్గింది. ఉండాల్సినవి 42.

ఆయుధ వ్యాపారాన్ని లెక్కగట్టే స్వీడన్ పరిశోధన సంస్థ సిప్రి లెక్కల ప్రకారం 2010-14లో మన ఆయుధ దిగుమతుల్లో రష్యా వాటా 72 శాతం. 2020-24కి అది 36 శాతానికి దిగింది. దీన్ని చూసి ఆధారపడటం తగ్గిందని సంబరపడేవాళ్లున్నారు. ఒకరి మీద ఆధారపడటం తగ్గిన మాట నిజం, అది మంచిదే. కానీ ఆ ఖాళీలో ఎక్కువ భాగం ఫ్రాన్స్, ఇజ్రాయెల్, అమెరికా నింపాయి. సరఫరా ఆపగల చేయి ఒకటికి బదులు నాలుగయ్యాయి. నలుగురూ ఒకేసారి ఆపడం కష్టం కాబట్టి ఇది పాత పరిస్థితి కన్నా మెరుగు. అంతవరకే.

అందుకే ఇకపై నేను శిఖరాగ్ర సదస్సుల ఫొటోల కన్నా రెండు విషయాలను ఎక్కువగా గమనిస్తాను. జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ) వారి ఎఫ్-414 యుద్ధ విమాన ఇంజిన్‌ను మన దేశంలో తయారుచేసేటప్పుడు, అత్యధిక వేడిని తట్టుకునే లోపలి భాగాల తయారీ మెళకువలు మన ప్రభుత్వ సంస్థ హిందుస్తాన్ ఏరోనాటిక్స్ చేతికి నిజంగా వస్తాయా అన్నది ఒకటి. ఫ్రాన్స్ సంస్థ సఫ్రాన్‌తో కలిసి ఇంజిన్ తయారుచేస్తామని 2025 ఆగస్టులో రాజ్‌నాథ్ సింగ్ చెప్పారు. దాని డిజైన్ హక్కులు మనకే ఉంటాయా అన్నది రెండోది. ఆ రెండింటికీ అవునన్న జవాబు వచ్చేదాకా మాస్కోతో తెంచుకోమనేవారితో గానీ, వాషింగ్టన్‌కు దూరం జరగమనేవారితో గానీ నేను ఏకీభవించలేను.